పొద్దున్న పది సెల్ఫులు కొడితే గానీ అందుకోని పాత డీజిల్ పికప్: పంపు దించే ముందు చూసుకోవాల్సినవి

ముందుగా మీరు రాసిన సమస్య ఇదీ. 2008 మోడల్ పికప్, మెకానికల్ పంపు (డీజిల్‌ని ప్రెషర్ మీద నాజిళ్లకి పంపేది) ఉన్న డైరెక్ట్ ఇంజెక్షన్ (నేరుగా సిలిండర్‌లోకే డీజిల్ చిమ్మే) డీజిల్ ఇంజన్, రెండున్నర లక్షల కిలోమీటర్లు దాటింది. రాత్రంతా నిలబడితే తెల్లారుజామున 8, 10 సార్లు సెల్ఫ్ కొట్టాలి. అందుకున్నాక ఒక నిమిషం తెల్లపొగ వేస్తూ కుంటుతుంది, తర్వాత సర్దుకుంటుంది. ఆపైన రోజంతా తాళం తిప్పితే చాలు. బ్యాటరీ కొత్తది వేశారు, తేడా రాలేదు. మెకానిక్ పంపూ, సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే నాజిళ్లూ కలిపి దించేసి పంపు షాపులో ఇద్దామంటున్నాడు. ఇవ్వాలా వద్దా అన్నది ప్రశ్న.

ఇప్పుడే ఇవ్వకండి. పంపు బాగుందని నేను హామీ ఇవ్వడం లేదు. కానీ మీరు చెప్పిన లక్షణం పంపు అరుగుదలకి తిరగబడి ఉంది. ఎలిమెంట్లు (డీజిల్‌ని నొక్కే ప్లంజరు కడ్డీ, అది ఆడే బ్యారెలు గొట్టం) అరిగిన పంపు ముందుగా ఏడిపించేది ఇంజన్ వేడి మీద ఉన్నప్పుడు. డీజిల్ వేడెక్కితే పలచబడుతుంది, అరిగిన ప్లంజరుకీ బ్యారెలుకీ మధ్య నుంచి జారిపోతుంది. సెల్ఫ్ మీద ఇంజన్ తిరిగే వేగానికి నాజిల్ తెరుచుకునేంత ప్రెషర్ ఎక్కదు. అందుకే అలాంటి బండి పొద్దున్న బాగానే అందుకుని, టీ తాగడానికి ఆపి వచ్చాక మొండికేస్తుంది. మీది చల్లగా ఉంటే మొండి, వేడి మీద బంగారం. కాబట్టి అనుమానించాల్సినవి వేరే ఉన్నాయి. వాటిలో సగం పైసా ఖర్చు లేకుండా తేలిపోతాయి.

మరో మాట. ఇదంతా మెకానికల్ పంపు బళ్లకే. పంపు మీద గవర్నర్ (ఇంజన్ వేగాన్ని అదుపు చేసేది), నాజిళ్లకి విడివిడిగా ఇనుప పైపులు, యాక్సిలరేటర్ కేబుల్ నేరుగా పంపు లివర్‌కి ఉంటే అది పాతరకం. హైదరాబాద్‌లో 2010 నుంచీ, దేశమంతటా 2017 ఏప్రిల్ నుంచీ బీఎస్-4 పొగ నిబంధనలు వచ్చాక కామన్ రైల్ బళ్లు (అన్ని నాజిళ్లకీ ‘రైలు’ అనే ఒకే ఉమ్మడి గొట్టంలోంచి డీజిల్ వెళ్లేవి) పెరిగాయి. మీది కామన్ రైల్ అయితే కింద చెప్పే నట్టు లూజు చేసి ఎయిర్ (లైన్లో చిక్కిన గాలి) తీసే పని అస్సలు చేయకండి. రైలులో ప్రెషర్ వెయ్యి బార్ పైకి కూడా వెళుతుంది, సన్నటి ధార చర్మంలోకి సూదిలా దిగుతుంది. పైకి చిన్న గాటులా కనిపించినా లోపల కండ చచ్చిపోతుంది, వేలు తీసేయాల్సి వచ్చే ప్రమాదం ఉంది. మెకానికల్ పంపు పైపుల విషయంలోనూ చెయ్యి అడ్డం పెట్టకుండా గుడ్డ కప్పి పని చేయాలి.

ఇక అసలు విషయం. ఈ జబ్బుకి ఉన్న సాక్ష్యం రోజుకి ఒక్కసారే దొరుకుతుంది: పొద్దున్న మొట్టమొదటి సెల్ఫ్. బండి ఒకసారి అందుకుందంటే లైన్ల నిండా డీజిల్ ఉంటుంది, సిలిండర్లు వేడెక్కుతాయి, సాక్ష్యం పోతుంది. పదకొండింటికి షెడ్డుకి తోలుకెళ్లి “పొద్దున్న అందుకోవట్లేదు” అంటే మెకానిక్ తాళం తిప్పుతాడు, బండి ఠక్కున స్టార్ట్ అవుతుంది, ఇక మిగిలేది ఊహే. ఆ ఊహే పంపు దించమంటుంది. పరీక్ష మీ ఇంటి ముందు తెల్లారుజామున జరగాలి, లేదా బండిని రాత్రికి షెడ్డులోనే వదిలిపెట్టాలి.

ఇద్దరు కావాలి. ఒకరు తాళం తిప్పాలి, ఇంకొకరు సైలెన్సర్ గొట్టం చివర నిలబడాలి. చీకటైతే సెల్‌ఫోన్ లైటు గొట్టం వైపు పెట్టండి, పొగ స్పష్టంగా కనిపిస్తుంది. సెల్ఫ్ 10 సెకన్లకి మించి నొక్కి పట్టకండి, మధ్యలో కనీసం అర నిమిషం వదలండి. చూడాల్సింది ఒక్కటే: మొదటి సెల్ఫ్‌లోనే తెల్లపొగ వచ్చిందా, లేక మొదటి నాలుగైదు సెల్ఫులకి గొట్టంలోంచి ఏమీ రాకుండా ఆ తర్వాత తెల్లపొగ మొదలై అందుకుందా?

ఏమీ రాలేదంటే సిలిండర్‌లోకి డీజిల్ చేరడం లేదు. మీరు కొట్టిన ఎనిమిది సెల్ఫుల్లో నాలుగైదు, ఖాళీ అయిన లైన్ నింపడానికే ఖర్చయ్యాయన్నమాట. మొదటి నుంచీ ముక్కు మండే పచ్చి డీజిల్ వాసనతో తెల్లపొగ వస్తుంటే డీజిల్ చేరుతోంది, మండడం లేదు. ఈ రెండు దారులూ వేర్వేరు. మొదటిది ట్యాంకు వైపు నడిపిస్తుంది, రెండోది సెల్ఫ్ మోటార్, కంప్రెషన్, నాజిళ్ల వైపు.

మొదట పొగ లేని దారి చూద్దాం. పాత బళ్లలో ఎక్కువగా బయటపడేది ఇదే, పైగా చవకైనదీ ఇదే.

డీజిల్ ట్యాంకులోంచి పైకి రావాలంటే ట్యాంకులో మునిగి ఉన్న గొట్టం, ఛాసిస్ వెంట సాగే ఇనుప లైను, దాని చివర రబ్బరు హోస్, ఫీడ్ పంపు (ట్యాంకు నుంచి డీజిల్ లాగే చిన్న పంపు), ఫిల్టర్లు దాటి పంపు గ్యాలరీలోకి (పంపు లోపల డీజిల్ నిలిచే చోటు) చేరాలి. ఫీడ్ పంపుకి ట్యాంకు వైపున్నదంతా లాగే వైపు. అక్కడ చిన్న సందుంటే డీజిల్ బయటికి కారదు, గాలి లోపలికి వెళుతుంది. అందుకే “ఎక్కడా లీకు లేదు, అంతా పొడిగా ఉంది” అన్నది ఈ వైపు ఏ ధైర్యమూ ఇవ్వదు. ఇంజన్ తిరుగుతున్నంతసేపు ఫీడ్ పంపు ఆ కాస్త గాలిని లాక్కుని రిటర్న్ లైన్లో (మిగులు డీజిల్‌ని ట్యాంకుకి తిరిగి పంపేది) పంపేస్తుంది, మీకు తెలియదు. ఆపి ఏడెనిమిది గంటలు ఉంచితే సందులోంచి గాలి చొరబడి, లైన్లో నిలబడ్డ డీజిల్ బరువుకి మెల్లగా ట్యాంకులోకి దిగిపోతుంది.

దీన్ని పట్టుకోవడానికి ముందు చేయాల్సిన పని: పొద్దున్న తాళం ముట్టుకోకుండా బానెట్ ఎత్తి ఫీడ్ పంపు మీదున్న హ్యాండ్ పంపు పిడి విప్పి కొట్టండి. లైను నిండుగా ఉంటే మూడు నాలుగు దెబ్బల్లో గట్టిపడుతుంది, అరచేతికి ఎదురుతన్నినట్టు తెలుస్తుంది. మెత్తగా, ఖాళీ సిరంజి నొక్కినట్టు పోతూ 20, 30 దెబ్బలు కొట్టాక గట్టిపడితే లైను రాత్రి ఖాళీ అయిందని అర్థం. అలా గట్టిపడే దాకా కొట్టి, పిడి మళ్లీ బిగించి, అప్పుడు సెల్ఫ్ ఇవ్వండి. ఒకటో రెండో సెల్ఫులోనే అందుకుందంటే కేసు తేలిపోయింది. పంపు మీద, నాజిళ్ల మీద పెట్టబోయిన డబ్బు జేబులోనే ఉంచుకోండి.

హ్యాండ్ పంపు సరిగా లేని బండి అయితే ఇంకో ఉపాయం ఉంది. రాత్రి బండిని ముందు వైపు పల్లంలో, వెనక వైపు మిట్టలో ఉండేలా ఆపండి, చక్రాలకి అడ్డు వేసి. ఇంజన్ కన్నా ట్యాంకు ఎత్తులో ఉంటే డీజిల్ వెనక్కి దిగదు. అలా ఆపిన రోజు బాగా అందుకుని, ముందు వైపు మిట్టలో ఆపిన రోజు మొండికేస్తే ఇక వేరే రుజువు అక్కర్లేదు. ట్యాంకు నిండుగా కొట్టించిన మర్నాడు బాగుండి, పావు ట్యాంకుకి వచ్చేసరికి మొదలవుతుందా అన్నదీ గుర్తు తెచ్చుకోండి. అలాగైతే ట్యాంకులోని గొట్టానికే పైభాగంలో తుప్పు పట్టి సూది బెజ్జం పడి ఉండొచ్చు. డీజిల్ మట్టం బెజ్జం కన్నా పైన ఉన్నంతకాలం గాలి దొరకదు, కిందికి దిగితే దొరుకుతుంది.

సందు ఎక్కడుందో వెతకడానికి ఒక జానెడు పారదర్శక పైపు చాలు. లోపలి కొలత పాత హోస్‌తో సరిపోవాలి కాబట్టి ముక్క ఒకటి షాపుకి పట్టుకెళ్లండి. ఫిల్టర్‌కీ పంపుకీ మధ్య హోస్ తీసి దాన్ని బిగించి ఇంజన్ నడపండి. మొదటి నిమిషంలో నాలుగు బుడగలు కనిపించడం మామూలే, పైపు మార్చినప్పుడు పట్టిన గాలి అది. పది నిమిషాల తర్వాత కూడా ముత్యాల దండలా బుడగలు సాగుతుంటే లాగే వైపు గాలి తీస్తోంది. అప్పుడు పైపుని ఫీడ్ పంపుకి ట్యాంకు వైపున్న హోస్ చోటికి మార్చండి. అక్కడా బుడగలుంటే తప్పు ట్యాంకు వైపు, లేకపోతే ఫీడ్ పంపు దగ్గరో హ్యాండ్ పంపు దగ్గరో. పరీక్ష అయ్యాక ఆ పైపు తీసేయండి. మామూలు ప్లాస్టిక్ పైపు డీజిల్‌కి, ఇంజన్ వేడికి గట్టిపడి పగులుతుంది. దాన్ని అలాగే వదిలేసి కొత్త జబ్బు తెచ్చుకున్న బళ్లు తక్కువేం కాదు.

ఇంకా ఖాయం చేసుకోవాలంటే రెండు లీటర్ల శుభ్రమైన డబ్బాలో వడగట్టిన డీజిల్ పోసి, ఫీడ్ పంపు కన్నా ఎత్తులో కదలకుండా కట్టి, ఫీడ్ పంపుకి వచ్చే హోస్‌ని అందులో ముంచండి. రిటర్న్ ట్యాంకుకే పోనివ్వండి. వేడి సైలెన్సర్ దగ్గర మాత్రం పెట్టొద్దు. కాసేపు నడిపి ఆపి, మర్నాడు పొద్దున్న చూడండి. అందుకుంటే ట్యాంకు నుంచి ఫీడ్ పంపు దాకా ఉన్న లైన్లో తప్పు. అప్పటికీ మొండికేస్తే ఫీడ్ పంపు లోపలి వాల్వులో, ఫిల్టర్ దగ్గరో, రిటర్న్ వైపో చూడాలి.

ఎక్కువగా తప్పు దొరికే చోట్లు చెబుతాను, ఈ వరసలోనే చూడండి. ఫిల్టర్ మార్చిన తర్వాతే ఈ బాధ మొదలైందా? అయితే ఫిల్టర్ గిన్నె పైనున్న రబ్బరు రింగు నలిగి ఉంటుంది, లేదా పాతది గాడిలోనే ఉండగా పైన కొత్తది వేసి ఉంటారు. తర్వాత బెంజో బోల్టుల (పైపు చివరి రింగుని బిగించి, డీజిల్‌ని తనలోంచి పోనిచ్చే బోలు బోల్టులు) కాపర్ వాషర్లు. ఒకసారి నలిగిన వాషర్ మళ్లీ అంతే బాగా కూర్చోదు. ఎర్రగా కాల్చి నీళ్లలో వేసి మెత్తబరిచి వాడతారు కొందరు, దారిలో ఆగిపోయినప్పుడు అది తప్పదు గానీ షెడ్డులో ఉండగా కొత్తవి వేయించుకోండి. రెండు వైపులా వేయాలి, బోల్టు తల కింద ఒకటి, బెంజోకీ బాడీకీ మధ్య ఒకటి. మూడోది రబ్బరు హోస్, అదీ క్లిప్పు కింద. పైకి నున్నగా కనిపిస్తుంది, వంచి చూస్తే క్లిప్పు అంచున అర్ధచంద్రంలా చీలిక కనిపిస్తుంది. క్లిప్పుకి బదులు ఇనుప తీగ చుట్టి ఉంటే చీలిక కోసం వెతకనక్కర్లేదు, ఆ జాయింటే గాలి తీస్తుంది. నాలుగోది హ్యాండ్ పంపు: పిడి మర బిగించకుండా వదిలేసినా, లోపలి రబ్బరు అరిగినా అక్కడి నుంచే గాలి తీస్తుంది. దాని చుట్టూ తడి మురికి అంటి ఉంటే అదే అయి ఉండొచ్చు.

చాలామంది చూడని చోటు ఒకటుంది: నాజిళ్ల పైన ఒకదాన్నించి ఇంకోదానికి వెళ్లే సన్నటి రిటర్న్ పైపులు. వేలితో నలిపితే పొడిపొడిగా రాలితే మార్చండి. పంపు మీద ఉండే ఓవర్‌ఫ్లో వాల్వు స్ప్రింగు బలహీనపడినా, దాని గుండు కింద చెత్త ఇరుక్కున్నా గ్యాలరీలోని డీజిల్ రిటర్న్ లైన్లోకి జారిపోతుంది. దాన్ని విప్పి శుభ్రమైన డీజిల్‌లో కడిగి చూడటం పది నిమిషాల పని. అలాంటిదే డీజిల్ వెనక్కి పోకుండా ఆపే ఫీడ్ పంపు లోపలి చెక్ వాల్వు. ఫీడ్ పంపులోకి డీజిల్ వచ్చే చోటున్న జాలీ చిరిగితే తుప్పు రేణువు వచ్చి దాని కింద కూర్చుంటుంది.

విప్పినదల్లా బిగించాక ఎయిర్ తీయాలి. ముందు ఫిల్టర్ పైనున్న స్క్రూ ఒకటిన్నర చుట్టు లూజు చేసి, బుడగలు ఆగి నిక్కమైన ధార వచ్చేదాకా హ్యాండ్ పంపు కొట్టండి. కొడుతూ ఉండగానే స్క్రూ బిగించాలి, ఆపి బిగిస్తే మళ్లీ గాలి మింగుతుంది. తర్వాత పంపు మీద స్క్రూ అలాగే. అప్పటికీ అందుకోకపోతే రెండు నాజిళ్ల దగ్గర పైపు నట్లు అర చుట్టు లూజు చేసి సెల్ఫ్ ఇవ్వండి. గుడ్డ కప్పండి. డీజిల్ ఉండుండి ఎగజిమ్మితే బిగించేయండి.

పొగ రాకపోవడానికి ఇంకొక చిన్న కారణం ఉంది. ఇంజన్ ఆపే కేబుల్ పూర్తిగా వెనక్కి రాకపోతే స్టాప్ లివర్ సగం మూసి ఉంటుంది, పంపు సెల్ఫ్ మీద పూర్తి డీజిల్ ఇవ్వదు. బానెట్ ఎత్తి లివర్‌ని వేలితో నెట్టి చూడండి, ఇంకా కదిలిందంటే కేబుల్ బిగుసుకుంది. రోటరీ పంపు (అన్ని సిలిండర్లకీ ఒకే తల నుంచి డీజిల్ పంచేది) అయితే కేబుల్‌కి బదులు 12 వోల్టుల సోలినాయిడ్ (కరెంటుతో పనిచేసే వాల్వు) ఉంటుంది. తాళం ఆన్ చేసినప్పుడు పంపు తల దగ్గర “టక్” అని వినపడాలి.

ఇప్పుడు రెండో దారి: మొదటి సెల్ఫ్ నుంచే తెల్లపొగ. అందుకున్నాక ఒక నిమిషం పొగ వేస్తోందని మీరు రాశారు, అది రెండు దారుల్లోనూ జరిగేదే కాబట్టి దాన్ని బట్టి తేల్చుకోకండి.

డీజిల్ ఇంజన్‌కి ప్లగ్గు నిప్పు లేదు. పిస్టన్ గాలిని బాగా నొక్కితే పుట్టే వేడే నిప్పు. మీ ఇంజన్ గాలిని దాదాపు 17, 18 వంతుల్లో ఒక వంతుకి కుదిస్తుంది. నెమ్మదిగా కుదిస్తే రింగుల సందుల్లోంచి గాలి తప్పించుకుంటుంది, పుట్టిన వేడిని చల్లటి గోడలు పీల్చేస్తాయి. అందుకే సెల్ఫ్ వేగం ముఖ్యం. నిమిషానికి 200 చుట్లు తిరిగితే హాయి, 150 కన్నా తగ్గితే కష్టం, 100 దగ్గరికి వస్తే మంచి ఇంజన్ కూడా అందుకోదు. బండిని పల్లంలో వదిలి గేరు మీద వేస్తే ఒక్క కుదుపుతో అందుకుని, సెల్ఫ్ మీద మాత్రం మొండికేస్తే అనుమానం సెల్ఫ్ వేగం మీదే పెట్టుకోండి.

బ్యాటరీ కొత్తదే, తేడా లేదన్నారు. బ్యాటరీ నుంచి సెల్ఫ్ మోటార్ దాకా కరెంటు నడిచే దారి మాత్రం పాతదే కదా. ఒక మల్టీమీటర్ తెచ్చుకోండి, మామూలుది చాలు. స్టాప్ లివర్ లాగి పట్టుకుని, అంటే ఇంజన్ అందుకోకుండా చేసి, మూడు కొలతలు తీయండి. మొదటిది బ్యాటరీ సీసపు కొమ్ముల మీదే, క్లాంపుల మీద కాదు. సెల్ఫ్ ముందు 12.6 చుట్టూ, సెల్ఫ్ తిరుగుతుండగా 9.6కి తగ్గకుండా ఉండాలి, 10 పైన ఉంటే ఇంకా మంచిది. రెండోది బ్యాటరీ మైనస్ కొమ్ముకీ ఇంజన్ బ్లాకు మీద పెయింటు లేని చోటుకీ మధ్య, సెల్ఫ్ తిరుగుతుండగానే. 0.2, 0.3 వోల్టులు దాటకూడదు. మూడోది ప్లస్ కొమ్ముకీ సెల్ఫ్ మోటార్ పెద్ద బోల్టుకీ మధ్య, అర వోల్టు దాటకూడదు.

ఈ మూడూ కలిపి చదవాలి. బ్యాటరీ 11 మీద నిలబడి ఉన్నా ఇంజన్ ఈడ్చుకుంటూ తిరుగుతోందంటే కరెంటు దారిలో ఎక్కడో అడ్డుంది, రెండో మూడో కొలత అది ఎక్కడో చెబుతుంది. బ్యాటరీ 9 కిందికి పడిపోతోందంటే బ్యాటరీ నిజంగా నీరసంగా ఉంది, లేదా సెల్ఫ్ మోటార్ లోపల బుష్‌లు అరిగి ఆర్మేచర్ (మోటార్‌లో తిరిగే భాగం) రాసుకుంటూ కరెంటు మింగేస్తోంది. రాసుకున్న ఆర్మేచర్ విప్పి చూస్తే ఒక వైపు మెరుస్తూ గీతలు పడి ఉంటుంది. బుష్‌లు, కార్బన్ బ్రష్‌లు వేస్తే సరిపోతుంది, మోటార్ మొత్తం మార్చనక్కర్లేదు.

ఎర్త్ విషయం మాత్రం తేలిగ్గా తీసుకోకండి. గేరుబాక్సు దించి క్లచ్ ప్లేట్ వేసినప్పుడు ఇంజన్‌కీ ఛాసిస్‌కీ మధ్య ఉండే అల్లిక ఎర్త్ పట్టీ తీసి, మళ్లీ బిగించడం మరిచిపోతారు. ఇంజన్ రబ్బరు మౌంటుల మీద కూర్చుంటుంది కాబట్టి కరెంటుకి వేరే దారి లేక యాక్సిలరేటర్ కేబుల్ వెంటో స్టాప్ కేబుల్ వెంటో పోతుంది. నాలుగు సెల్ఫులు కొట్టి ఆ కేబుల్ ఒకసారి తాకి చూడండి, వెచ్చగా ఉంటే ఎర్త్ లేదన్నమాటే. అసలు ఏ జాయింటైనా అంతే: సెల్ఫ్ కొట్టిన వెంటనే చేత్తో తడమండి, వేడెక్కిందే చెడిపోయిన జాయింటు. విప్పి ఎమరీ కాగితంతో మెరిసేదాకా గీకి, బిగించి, ఆ పైన గ్రీజు రాయండి. ముందే గ్రీజు రాసి బిగించకండి.

వేగం బాగుంది, పొగా వస్తోంది, మండడం లేదంటే వేడో నాజిలో. హీటర్ ప్లగ్గులు (స్టార్టింగ్ ముందు సిలిండర్ లోపల వేడి పుట్టించేవి) ఉన్న ఇంజనా కాదా ముందు చూసుకోండి. ప్రీ ఛాంబర్ ఇంజన్లకి (డీజిల్‌ని ముందు ఒక చిన్న గదిలో చిమ్మేవి) అవి తప్పనిసరి, పాత డైరెక్ట్ ఇంజెక్షన్ బళ్లలో చాలావాటికి అసలు ఉండవు. ఉంటే ప్లగ్గుల మీది పట్టీ విప్పి ఒక్కోదాన్ని విడిగా కొలవండి. ఒక ఓమ్ లోపే చూపించాలి, మీటరు ఏమీ చూపించకపోతే కాలిపోయింది. డ్యాష్‌బోర్డులో హీటర్ లైటు వెలుగుతోందంటే ప్లగ్గులకి కరెంటు అందుతోందని కాదు. తాళం హీటర్ మీద పెట్టి పట్టీ దగ్గర 11 వోల్టుల పైన వస్తున్నాయో లేదో చూస్తేనే రిలే సంగతి తెలుస్తుంది. ప్లగ్గులు ఇంజన్ వెచ్చగా ఉన్నప్పుడే విప్పండి, కొన ఉబ్బినది చల్లటి హెడ్డులో బలవంతం చేస్తే విరిగి అక్కడే ఉండిపోతుంది.

అయితే విజయవాడలోనో రాజమండ్రిలోనో 25 డిగ్రీల తెల్లారుజామున మంచి కంప్రెషన్ ఉన్న డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజన్ ఏ హీటరూ లేకుండా రెండు మూడు సెకన్లలో అందుకోవాలి. అలా కావడం లేదంటే దాన్ని చలి మీదికి నెట్టకండి. లంబసింగిలోనో ఆదిలాబాద్ ఏజెన్సీలోనో డిసెంబరు పొద్దున సంగతి వేరు, అక్కడ చల్లటి గాలి, చిక్కబడ్డ ఆయిల్ రెండూ కలిసి సెల్ఫ్‌ని ఈడుస్తాయి. అక్కడ తిరిగే బండికి చిక్కటి 20డబ్ల్యూ-50 ఆయిల్ పోయకుండా, మాన్యువల్ ఒప్పుకుంటే 15డబ్ల్యూ-40 పోయించండి.

నాజిల్ చెమ్మ కారిస్తే అది డీజిల్‌ని మంచులా చిమ్మడం మాని చుక్కలుగా వదులుతుంది. చల్లటి సిలిండర్‌లో చుక్క మండదు, తెల్లపొగై పోతుంది. ఏ నాజిలో తెలుసుకోవడానికి, పొద్దున్న అందుకుని కుంటుతున్న ఆ ఒక్క నిమిషంలోనే నాలుగు పైపుల నట్లు ఒక్కొక్కటే లూజు చేసి బిగించండి. మంచి సిలిండర్ నట్టు లూజు చేస్తే ఇంజన్ చప్పుడు ఇంకా కుంగుతుంది. ఏ నట్టు లూజు చేసినా తేడా తెలియలేదో ఆ సిలిండరే దోషి. ఇక అక్కడ నాజిలా కంప్రెషనా అన్నది, ఆ నాజిల్‌ని పక్క సిలిండర్‌లోకి మార్చి చూస్తే తేలుతుంది. కుంటు నాజిల్ వెంట వెళ్లిందా, సిలిండర్‌లోనే ఉండిపోయిందా?

ఇక్కడ ఒక తప్పు తరచుగా జరుగుతుంది. నాజిల్ తీసినప్పుడు దాని కింది కాపర్ వాషర్ హెడ్డు గుంతలోనే అతుక్కుపోతుంది. చూసుకోకుండా నాజిల్‌కి కొత్త వాషర్ వేసి దించుతారు. ఇప్పుడు వాషర్లు రెండయ్యాయి. నాజిల్ కొన ఉండాల్సిన చోటు కన్నా పైన కూర్చుంటుంది, స్ప్రే పిస్టన్ గిన్నెలో పడాల్సింది అంచుల మీద పడుతుంది. “నాజిళ్లు చేయించాక ఇంకా ఎక్కువైంది” అన్న ఫిర్యాదుల్లో కొన్నిటికి కారణం ఇదే. టార్చి వేసి గుంతలోకి చూసి, వాషర్ ఉంటే చిన్న కొక్కెంతో లాగాలి.

కంప్రెషన్ మాట. గేజ్ పెట్టే ముందు ట్యాపెట్లు (వాల్వుల పైన ఉండాల్సిన సందు) చూడండి, ఫీలర్ గేజ్ ఒక్కటే ఖర్చు. సీటు అరిగే కొద్దీ వాల్వు హెడ్డులోకి దిగబడి సందు తగ్గిపోతుంది, చివరికి వాల్వు పూర్తిగా మూసుకోదు. సందు ఎంత ఉండాలో ఇంజన్‌ని బట్టి మారుతుంది, మాన్యువల్‌లోని కొలతే వేయాలి. తర్వాత ఇంజన్ నడుస్తుండగా ఆయిల్ పోసే మూత విప్పి బోర్లా వదిలేయండి. కాస్త అదిరితే మామూలే. ఎగిరి పడుతూ, పొగ ఉఫ్ ఉఫ్ మని కొడుతుంటే రింగులు అరిగాయి. గేజ్ పెడితే మంచి ఇంజన్ 25 నుంచి 30 బార్ మధ్య చూపిస్తుంది. 20 దగ్గరికి దిగినా, సిలిండర్‌కీ సిలిండర్‌కీ మధ్య 3 బార్ కన్నా తేడా ఉన్నా పొద్దున్న కష్టమే. పెట్రోలు ఇంజన్‌లో చేసినట్టు చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ కొలవాలని చూడకండి. డీజిల్ ఇంజన్‌లో పిస్టన్ పైన మిగిలే చోటే చాలా తక్కువ, ఆయిల్ ఎక్కువైతే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది.

పొద్దున్న పొగలో డీజిల్ వాసన కాక తీపి వాసన ఉండి, రేడియేటర్‌లో నీళ్లు ఎటు పోతున్నాయో తెలియకుండా తగ్గుతుంటే ఆ రోజుకి సెల్ఫ్ ఆపండి. హెడ్ గ్యాస్కెట్ దగ్గర నీళ్లు సిలిండర్‌లోకి దిగుతూ ఉండొచ్చు. నీళ్ల మీద సెల్ఫ్ కొడితే రాడ్ వంగేది అప్పుడే.

టైమింగ్ గురించి మీరు ఇప్పుడే ఆలోచించక్కర్లేదు. ఈ మధ్య పంపు దించి ఎక్కించి ఉంటేనో, పంపు బోల్టులు వదులై గుర్తులు పక్కకి జరిగి ఉంటేనో చూడాలి. టైమింగ్ వెనకబడితే పొగ ఒక్క నిమిషంతో ఆగదు, బండి రోజంతా మందకొడిగా లాగుతుంది. మీది అలా లేదు.

ఈలోగా బండి తప్పకుండా బయటికి తీయాల్సి వస్తే ఎయిర్ ఫిల్టర్‌లోకి స్టార్టింగ్ స్ప్రే కొట్టకండి, పెట్రోలు గుడ్డ పెట్టకండి, కాలే గుడ్డ అసలే పెట్టకండి. ఆ ఆవిరి పిస్టన్ పైకి రాకముందే పేలి రింగుల మధ్య గట్లు విరగ్గొడుతుంది. హీటర్ ప్లగ్గులున్న ఇంజన్ అయితే ప్రమాదం ఇంకా ఎక్కువ. పైగా రోజూ అలవాటు చేస్తే ఇంజన్ దానికే మరుగుతుంది. మరిగింది నిజానికి ఇంజన్ కాదు, మూలకారణం వెతకని మనమే. హ్యాండ్ పంపు 30 దెబ్బలు కొట్టి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి సెల్ఫ్ ఇవ్వండి. లైన్ పంపుల్లో (ఒక్కో సిలిండర్‌కి ఒక్కో ఎలిమెంట్ వరసగా ఉండేవి) చాలావాటికి పూర్తిగా తొక్కితేనే స్టార్టింగ్‌కి కావాల్సిన ఎక్కువ డీజిల్ వస్తుంది. అందుకున్న క్షణంలో కాలు తీసేయండి.

రేపు పొద్దున్న చేయాల్సింది: తాళం ముట్టుకోకముందు హ్యాండ్ పంపు కొట్టి, ఎన్ని దెబ్బలకి గట్టిపడిందో లెక్కపెట్టండి. ఎల్లుండి హ్యాండ్ పంపు జోలికి పోకుండా సైలెన్సర్ దగ్గర మనిషిని పెట్టి, ఎన్నో సెల్ఫుకి పొగ మొదలైందో చూడండి. ఆ రెండు అంకెలూ, మల్టీమీటర్ మూడు కొలతలూ రాసుకుని మెకానిక్ చేతిలో పెట్టండి.

చివరికి నాజిళ్లు షాపుకి ఇవ్వాల్సి వస్తే పంపు బండి మీదే ఉంచి నాజిళ్లు మాత్రమే ఇవ్వండి. విప్పకముందే టెస్టర్ మీద పెట్టించి, ఒక్కోటి ఎంత ప్రెషర్‌కి తెరుచుకుందో, చుక్క కారిందో లేదో మీ ఎదురుగా చూపించమనండి. డైరెక్ట్ ఇంజెక్షన్ నాజిల్ ఇంజన్‌ని బట్టి 200 బార్ చుట్టూ తెరుచుకుంటుంది, ప్రీ ఛాంబర్ నాజిల్ అయితే 110 నుంచి 135 మధ్య. నాలుగూ ఒకదానికొకటి 10 బార్ లోపు తేడాతో, కొన పొడిగా ఉంటే వాటిని అలాగే తెచ్చి కొత్త వాషర్లతో బిగించి, డబ్బు కంప్రెషన్ పరీక్షకి పెట్టండి.